ముసలిదున్న ఖాతా

మే 6

అర్కా మా ఆన్‌లైన్ విజ్ఞానకోశం రచ్చబండలో, అంటే రాసేవాళ్ళంతా చర్చించుకునే పేజీలో, మళ్ళీ పంచాయితీ పెట్టాడు. జకార్తాలో చల్లటి గదిలో కూర్చుని మా కొండల మీద తీర్పులు చెప్పడం అతనికి అలవాటే. ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను, మనిషి చెడ్డవాడు కాదు, పట్టు వదలడు అంతే. కానీ ఇవాళ రాసింది ఇదీ:

"నిర్వాహకులకు విన్నపం. నెనె తాసిక్ అనే శోకగీతాల గాయకుడు జనవరిలో చనిపోయారని రెండు పత్రికలు రాశాయి. ఆ వాక్యం చేర్చిన ప్రతిసారీ ముసలిదున్న అనే వాడుకరి తిరగ్గొట్టి 'జబ్బుగా ఉన్నారు' అని రాస్తున్నారు. నిన్న ఒక్కరోజే మూడుసార్లు తిరగ్గొట్టారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ముసలిదున్న అసలు పేరు యొహానిస్ తందిలొలొ. విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం పత్రికలో ఫిబ్రవరిలోనే ఆయనకు నివాళి వచ్చింది. చనిపోయిన మనిషి ఖాతాను ఎవరో వాడుతున్నారు. దానికి తాళం వేయాలి."

ముసలిదున్న మా ఆయన. నేను నిర్వాహకురాలిని. ఆయనకు ఈ కోశం అలవాటు చేసిందీ నేనే, ఎవరి మాటా వినకుండా తిరగ్గొడుతుంటే కొన్నాళ్ళు రాయకుండా నిరోధించిందీ నేనే. "ఇంట్లో అన్నం పెట్టి కోశంలో నిరోధం పెడతావా?" అని ఊరంతా తిరిగి చెప్పుకున్నారు.

అర్కాకి ఇలా జవాబు రాశాను: "ఫిబ్రవరి నుంచి ఆయనకు ఒంట్లో బాగాలేదు. దక్షిణపు గదిలో పడుకుని ఉన్నారు. ఆస్పత్రివాళ్ళు ఒళ్ళు చెడకుండా సూదులు వేసి ఏదో కాగితం ఇచ్చారు, వాళ్ళు రాసేది వాళ్ళు రాస్తారు. మా తొరాజా కొండల్లో మొదటి దున్న నేలకొరిగేదాకా మనిషి జబ్బు మనిషే. వేళకి కాఫీ, అన్నం, సిగరెట్టు పెడతాం. ఇంట్లో ఏం జరిగినా చెబుతాం. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమే, అయినా ఈ మర్యాద తప్పలేదు. నెనె తాసిక్ కుటుంబం కూడా ఇంకా దున్నను కొట్టలేదు. కాబట్టి ముసలిదున్న రాసింది నిజం."

రాసి, చెరిపేశాను. ఇది వాదించే విషయం కాదు.

కానీ నిన్నటి మూడు మార్పులూ చూశాను. ఆయన ఖాతావే. "తప్పు. వచ్చి చూసి రాయండి" అని ఆయన ఎప్పుడూ పెట్టే ముక్కే పెట్టి ఉంది. కాఫీ తీసుకెళ్ళి, ఎప్పటిలాగే మా అబ్బాయి పేరు కలిపి 'రొంబె నాన్నా' అని పిలిచి అడిగాను. "అంబె రొంబె, నెనె తాసిక్ పేజీలో చెయ్యి పెట్టింది మీరేనా?"

పలకలేదు. జబ్బు మనిషిని విసిగించకూడదని వచ్చేశాను.

మే 7

కాఫీ అలాగే ఉంది. చల్లారాక, మాతోనే ఉండే నా ఆడపడుచు లిన్చె తాగేసింది. ఆయన మంచం పక్కన కంప్యూటర్ మీద దుమ్ము లేదు. నేనే తుడిచి ఉంటాను.

మే 9

ఇదంతా రొంబె పనే అని తేల్చుకుని కొడుకని కూడా చూడకుండా కడిగేశాను. రాంతెపావొ బజారులో వాడికి ఫోన్లు బాగుచేసే షాపుంది. ఏ ఖాతాలోకైనా దూరగలడు.

"ఇందొ, అమ్మా, నాకు పొద్దున లేస్తే పగిలిన ఫోన్లతోనే సరిపోతుంది. నెనె తాసిక్ బతికితే నాకేంటి, పోతే నాకేంటి?"

"నోర్ముయ్. పోతే అనకు."

"సరే, జబ్బైతే నాకేంటి. అయినా నాన్న రాసే భాష నేను రాయగలనా? బళ్ళో ఆయన చేతనే తన్నులు తిన్నాను, వ్యాసం రాయడం రాలేదని."

లిన్చె మగ్గం దగ్గరనుంచి నవ్వింది. "వదినా, నువ్వు కానివాళ్ళని అనుమానిస్తున్నావ్. అన్నయ్యకి ఓపిక వచ్చిందేమో. పొద్దస్తమానం పడుకుంటే ఎవరికైనా విసుగేస్తుంది."

రొంబె నవ్వలేదు. నా వంక చూశాడు. లిన్చె వంక చూశాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వాడు కాదని నాకు అప్పుడే తెలిసింది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

మే 15

నిర్వాహకురాలిగా చేయవలసింది చేశాను. ముసలిదున్న చర్చాపేజీలో, ముక్కూమొహం తెలియనివాళ్ళకు పెట్టినట్టే, హెచ్చరిక పెట్టాను. "మీరు పదేపదే తిరగ్గొడుతున్నారు. ఆధారాలు చూపకపోతే నిరోధానికి గురవుతారు. ఈ ఖాతా ఎవరు వాడుతున్నారో దయచేసి తెలపండి."

గారూ గీరూ లేకుండా రాసినందుకు కొంచెం బాధ కలిగింది.

అన్నం వండి, కర్రపెండలం ఆకు కూర తాలింపు పెట్టి వచ్చేసరికి జవాబుంది.

"నిర్వాహకురాలికి: హెచ్చరిక అందింది. నెనె తాసిక్ విషయంలో నేను చెప్పిందే నిజం, ఆయన ఇంటికెళ్ళి పలకరించి రండి. ఆధారం అదే. ఇంకో సంగతి. నా గదిలో తలవైపు మూల, పెట్టె వెనక, పైకప్పు కారుతోంది. ఎవరూ పట్టించుకోవడం లేదు."

దాని కిందే అర్కా అడిగాడు. "ఇది దేనికి సంబంధించిన వ్యాఖ్య?"

నేను గరిటె కిందపెట్టకుండానే దక్షిణపు గదిలోకి వెళ్ళాను. పెట్టె జరిపాను. గోడ తడిసి నల్లబడి ఉంది. వేలు పెడితే తడి అంటింది. ఆ పెట్టె బరువైంది. దాన్ని ఫిబ్రవరి నుంచి ఎవరూ జరపలేదు.

ఎంతసేపు అక్కడే నిలబడ్డానో. కూర మాడిపోయింది. నాకు భయం వేసింది. ఆయనంటే భయం కాదు, ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆయన. నేను పట్టించుకోలేదు అన్నారే, ఆ మాటకి.

మే 16

రొంబె కప్పెక్కి బాగుచేశాడు. నాకెలా తెలిసిందని అడగలేదు. ఆయనకు చెప్పాను, ఇక కారదని.

మే 28

తనిఖీ చేసే అధికారం ఉన్నవాళ్ళు రాశారు: ముసలిదున్న మార్పులూ నా మార్పులూ ఒకే ఇంటి నెట్ నుంచి వస్తున్నాయి. దాన్ని కనిపెట్టడానికి ఇన్నాళ్ళు పట్టింది మహానుభావులకి. ఒకే ఇల్లు కాబట్టే ఒకే నెట్. మొగుడికో నెట్, పెళ్ళానికో నెట్ పెట్టుకుంటామా?

రచ్చబండలో గుసగుసలు మొదలయ్యాయి. నేనే రెండు ఖాతాలు నడుపుతున్నానట. దొంగ ఖాతా నడిపిన నిర్వాహకురాలి గతేమిటో నాకు తెలుసు. అలాంటివాళ్ళను నేనే సాగనంపాను.

అర్కా ఫోన్ చేశాడు. గొంతు ఇదే మొదటిసారి వినడం. మెత్తటి గొంతు. నన్ను 'బు' అని, ఆయన్ని 'పాక్' అని, అమ్మగారూ అయ్యగారూ అన్నట్టు మర్యాదగా అన్నాడు.

"బు యోస్పినా, మీమీద నాకు కోపం లేదండి. ఒక్క మాట చెప్పండి చాలు. పాక్ యొహానిస్ ఉన్నారా, లేరా?"

"ఉన్నారు. పక్క గదిలో."

"అలా కాదు బు. అంటే... ఊపిరి..."

"నీకు పెళ్ళయిందా?"

"లేదు బు."

"అయ్యాక ఫోన్ చెయ్యి."

పెట్టేశాను. తర్వాత చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. అతను అడిగింది అన్యాయమేమీ కాదు. ఉన్నారంటే అక్కడ, కోశంలో, అబద్ధం. లేరంటే ఇక్కడ, ఈ ఇంట్లో, ముహూర్తం రాకముందే ఆయన్ని నా నోటితో నేను చంపినట్టు. ఖాతాకి తాళం వేసేటప్పుడు కారణం రాయాలి. ఆ గడిలో రాయాల్సిన మాట నా చేతికి రాదు.

జూన్ 3

ఎవరో ఒకరు ఆడుతున్న ఆట ఇది. ఆపేస్తాను. ఆయన కంప్యూటర్‌లో దాచి ఉన్న పాత పాస్‌వర్డ్ పట్టుకుని, ఖాతా పాస్‌వర్డే మార్చేశాను. కొత్తది కంప్యూటర్‌లో దాచలేదు. ఎక్కడా రాయలేదు. రొంబెకి చెప్పలేదు, లిన్చెకి చెప్పలేదు. ఇక ఎవరు దూరతారో చూస్తాను.

అన్నం పెట్టేటప్పుడు ఆయనకు చెప్పాను. చెప్పాలి కదా. ఆయన సొత్తుకి తాళం మార్చి ఆయనకే చెప్పకుండా ఎలా ఉంటాను? చెవి దగ్గర వంగి ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాను.

జూన్ 4

ముసలిదున్న ఇవాళ మధ్యాహ్నం నెనె తాసిక్ పేజీ తిరగ్గొట్టారు.

"కొత్త పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదుగా?" అని లిన్చె అడిగింది.

"ఎవరికీ చెప్పలేదు" అన్నాను. లిన్చె నా మొహంలోకి చూసి, "అన్నయ్యకి?" అంది.

నేను దక్షిణపు గది వైపు చూశాను. లిన్చె చేతిలోని నూలు కండె వదిలేసింది. అది దొర్లుకుంటూ దక్షిణపు గది గుమ్మందాకా పోయింది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని తెచ్చుకోవడానికి వెళ్ళలేదు.

జూన్ 5

మళ్ళీ.

జూన్ 12

లిన్చెకి మతిమరుపు ఎక్కువవుతోంది. పొద్దున నూలు చుడుతూ అడిగింది.

"వదినా, నిన్న మధ్యాహ్నం అన్నయ్య గదిలో కూర్చుని ఏం టైపు చేస్తున్నావ్? టకటకా టకటకా ఒకటే మోత."

"నేను గదిలో లేను. పెరట్లో కాఫీ గింజలు తిప్పుతున్నాను."

"గింజలు వాన్లో నానిపోతుంటే చాప ఎత్తి లోపల పడేసింది నేను కదా? నువ్వక్కడెక్కడా లేవు. పిలిచినా పలకలేదు."

వాన ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. పెరట్లో ఉంటే తడిసేదాన్ని కదా అని లిన్చె అంటుంది. తడిశానో లేదో ఎవరికి గుర్తుంటుంది? జూన్‌లో ఇక్కడ రోజూ వానే.

సాయంత్రం నా కళ్ళజోడు ఆయన మంచం పక్క కుర్చీలో దొరికింది. అన్నం పెట్టినప్పుడు మర్చిపోయి ఉంటాను.

జూన్ 20

బంధువులంతా వచ్చారు. దున్నలు కుదిరాయి, కోతలు అయిపోయాయి, ముంగిట పందిళ్ళు వేయడానికి వెదురు వచ్చింది. క్రతువు జూలై 24న అని రొంబె అన్నాడు. అందరూ సరేనన్నారు. నేను మాత్రం తొందరేముంది అన్నాను.

"తొందరా?" అన్నాడు రొంబె. "ఇందొ, ఎన్నాళ్ళు? నువ్వు సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో తెలుసా? మనిషివి సగమయ్యావు. నాన్నకి కాఫీ పెడతావు, నువ్వు తాగవు. నువ్వు గదిలోకి వెళ్తే బయటికి ఎప్పుడొస్తావోనని అత్త కాపలా కాస్తోంది."

"లిన్చె చెప్పిందా నీకు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు కళ్ళున్నాయి."

పెద్దవాళ్ళ ముందు ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. నాకు భయంగా ఉంది. ఇక్కడ రాసుకోవడానికేం? దున్న నేలకొరిగిన క్షణం నుంచి ఆయన్ని ఏమీ అడగలేను, ఏమీ చెప్పలేను. ఇన్నేళ్ళలో ఆయన లేకుండా నేనేదీ తేల్చుకోలేదు. పోట్లాడైనా సరే, ఇద్దరం కలిసే తేల్చుకున్నాం.

అందరం గదిలోకి వెళ్ళి ఆయనకు తేదీ చెప్పాం. రొంబె సిగరెట్టు ముట్టించి పళ్ళెంలో పెట్టాడు. పొగ నిటారుగా లేచింది, కదల్లేదు.

జూన్ 23

రచ్చబండలో ఓటింగు పెట్టారు. ఖాతాకి "మృతులు" అని ముద్ర వేసి తాళం వేయాలా, నా నిర్వాహక హోదా తీసేయాలా అని. చాలామంది వేసేయమన్నారు. నేను పెంచిన పిల్లలే, నేను దిద్దడం నేర్పినవాళ్ళే. అర్కా మాత్రం ఒకటే మాట మళ్ళీ రాశాడు: "ఆయన భార్య స్వయంగా ఒక్క వాక్యం రాస్తే చాలు. దాన్నే ఆధారంగా తీసుకుందాం."

ఒక్క వాక్యమే కదా. రాశాను. అబద్ధం ఒక్క అక్షరం లేకుండా, మర్యాద తప్పకుండా, తేదీతో సహా రాశాను. రాశాక ఎన్నాళ్ళకో మనసు తేలికైంది. అన్నం తిన్నాను.

"యొహానిస్ తందిలొలొ ప్రస్తుతం జబ్బుగా ఉన్నారు. జూలై 24న, మధ్యాహ్నం భోజనాలకు ముందు, మా ఇంటి ముంగిట, బంధువులందరి సమక్షంలో చనిపోతారు. ఏర్పాట్లన్నీ అయ్యాయి. అంతవరకు దయచేసి ఆగండి. ఇట్లు, ఆయన భార్య యోస్పినా."

జూన్ 24

ఎవరు ఎవరికి ఫోన్లు చేశారో తెలియదు, పొద్దున్నే మోటారు సైకిలు మీద పోలీసు వచ్చాడు. మన కొండ మనిషే, రొంబెతో చదువుకున్నవాడు. ఫోన్ తీసి నేను రాసింది నాకే చదివి వినిపించాడు.

"జకార్తా నుంచి మా పెద్దాయనకి ఫోనొచ్చిందంట ఇందొ. ఇక్కడ ఎవరో జబ్బు మనిషిని తేదీ పెట్టి మరీ చంపబోతున్నారని. నేను చదివి, ఇందులో కేసేముంది, నన్ను భోజనానికి పిలవలేదేంటి అని అడిగి వస్తానన్నాను."

లిన్చె మగ్గం మీద వాలిపోయి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పోలీసు బూట్లు విప్పి దక్షిణపు గదిలోకి వెళ్ళి, "అంబె, ఎలా ఉన్నారు? త్వరగా కోలుకోండి" అని పలకరించి వచ్చాడు. బయటికి వచ్చాక మాత్రం మొహం మారిపోయి ఉంది.

"గదిలో ఎవరన్నా ఉన్నారా ఇందొ? ఆయన కాకుండా?"

"లేరే. ఏం?"

"కంప్యూటర్ ఆన్ చేసి ఉంది. అక్షరాలు పడుతున్నాయి."

నేను వెళ్ళి చూశాను. తెర నల్లగా ఉంది. వీడు ఏదో చూసి ఏదో అనుకుని ఉంటాడు. తెర మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. కిటికీలోంచి ఎండ పడుతోంది కాబట్టి.

అర్కా ఫోన్ చేశాడు. "బు, మీరు రాసింది చదివి నేను నిద్రపోలేదు. నేను వస్తాను. వచ్చి చూడమని పాక్ ఎప్పుడూ అంటారుగా."

జూన్ 28

అర్కా వచ్చాడు. మకస్సర్ నుంచి బస్సులో వచ్చి, దారిపొడుగునా వాంతులు చేసుకుని, తెల్లగా పాలిపోయి ఉన్నాడు. సన్నటి మనిషి. చేతిలో మిఠాయి పొట్లం. రచ్చబండలో ఇంత గొంతున్నవాడు గుమ్మంలో నిలబడి ఏ కాలు ముందు పెట్టాలో తెలియక తికమకపడ్డాడు. ఇన్నాళ్ళూ ఇతన్నేనా తిట్టుకున్నాను అనిపించింది.

"ముందు లోపలికెళ్ళి పలకరించి రా" అంది లిన్చె. "తర్వాత మాతో మాట్లాడొచ్చు. ఇంటి యజమానిని పలకరించకుండా కూర్చుంటారా మీ ఊళ్ళో?"

నేను వెంట వెళ్ళాను. ఎర్ర దుప్పటి ఛాతీ దాకా కప్పి ఉంది. మొహం బాగానే ఉంది, కొంచెం నల్లబడింది. అర్కా దూరంగా నిలబడిపోయాడు. దగ్గరికి రమ్మని సైగ చేశాను. వచ్చాడు.

"పాక్ యొహానిస్," అన్నాడు. మిఠాయి పొట్లం మంచం పక్కన పెట్టాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "పాక్, నేను అర్కాని. మీ మార్పులు తిరగ్గొట్టింది నేనే. మీరు వచ్చి చూడమన్నారు. వచ్చాను."

కప్పు మీద వాన చప్పుడు. ఇంకేమీ లేదు. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. ఇది రాసి పెట్టుకోవాలి, నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి.

అర్కా జేబులో ఫోన్ మోగింది. తీసి చూసుకున్నాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఫోను నేనే తీసుకుని చదివాను. అతని చర్చాపేజీలో కొత్త సందేశం, ముసలిదున్న నుంచి.

"కూర్చో. కాఫీ తాగి వెళ్ళు."

లిన్చె వంటింట్లో ఉంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. రొంబె ముంగిట పందిరి కడుతున్నాడు. వాడి చేతిలో ఫోను ఉందో లేదో నేను చూడలేదు. వెళ్ళి చూసి ఉండవచ్చు. చూడదలచుకోలేదు.

అర్కా నేలమీద కూర్చున్నాడు. లిన్చె తెచ్చిన కాఫీ, నాలిక కాలుతున్నా, ఆపకుండా తాగేశాడు. ఆ గదిలోనే తాగాడు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "24 దాకా ఆ ఖాతాని ఎవరూ ముట్టుకోకుండా చూస్తాను బు" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, బస్సు కదులుతుంటే, తల బయటపెట్టి. "బు, ఆ తర్వాత మీరు తాళం వేసేయాలి. తప్పకుండా. మీరే."

జూలై 2

ఓటింగు ఆగిపోయింది. "స్వయంగా వెళ్ళి చూశాను. కుటుంబం చెప్పిన తేదీ వరకు ఆగుదాం" అని అర్కా రాశాడు. ఏం చూశావని ఒకరిద్దరు అడిగితే జవాబివ్వలేదు.

జూలై 11

నెనె తాసిక్ ఇంట్లో ఇవాళ పెద్ద క్రతువు. నేను, లిన్చె, రొంబె, ముగ్గురం వెళ్ళాం. గుండ్రంగా చేతులు పట్టుకుని శోకగీతం పాడారు. ఆ గీతాలన్నీ నేర్పిన మనిషి కోసం శిష్యులు పాడుతుంటే రాళ్ళు కూడా కరుగుతాయి. వరసలో లిన్చెకి అటుపక్క రొంబె, ఇటుపక్క నేను. మొదటి దున్న ఒరిగింది. గుంపులోంచి పెద్ద కేక లేచింది. నెనె తాసిక్ చనిపోయారు.

ఇంటికొచ్చాక కోశం తెరిచాను. నెనె తాసిక్ పేజీలో మార్పు. ఈసారి "జబ్బుగా ఉన్నారు" అనేది తీసేసి, ముసలిదున్న ఇవాళ్టి తేదీ వేశారు. దున్న ఒరిగిన వేళకే వేశారు. ఆ వేళకి మా ముగ్గురి చేతులూ ఒకరి చేతుల్లో ఒకరివి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరు, ఆయన తప్ప.

అర్కా తిరగ్గొట్టలేదు. ఎవరూ తిరగ్గొట్టలేదు.

లిన్చెకి చెప్పలేదు. ఆయన గదిలోకి వెళ్ళి, "క్రతువు బాగా జరిగింది, మీకెలాగూ తెలుసు" అని మాత్రం అన్నాను. నాకు భయం పోయింది. దాని బదులు ఏదో ఆశ పుట్టింది. అది భయం కన్నా చెడ్డదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. క్రతువు అయినా ఈయన మానరేమో అని. తాళం వేయకపోతే, రోజూ రాస్తూనే ఉంటారేమో అని.

జూలై 23

రొంబె అడగడానికి వచ్చాడు. "ఇందొ, రేపు తాళం వేస్తావుగా?"

"వేస్తాను."

"అర్కా ఫోన్ చేశాడు. నువ్వు వెయ్యకపోతే ఆయనకి విశ్రాంతి ఉండదేమో అన్నాడు. జకార్తావాడు, కానీ మన ముసలాళ్ళలాగే మాట్లాడాడు."

మధ్యాహ్నం, రేపటి క్రతువుకని, ఆయన్ని లేవదీసి తల దిక్కు మార్చారు. నన్ను పట్టుకోనివ్వలేదు.

జూలై 24

ఆయన్ని దక్షిణపు గదిలోంచి తీసుకెళ్ళి ముంగిట ఎత్తు పందిరి మీద ఉంచారు. జనం కొండ వాలంతా నిండిపోయారు. ఆయన చదువు చెప్పిన పిల్లలు, వాళ్ళ పిల్లలు. రొంబె మొహం చూడలేకపోయాను. భోజనాలకు ముందు మొదటి దున్న ఒరిగింది. నేను కళ్ళు మూసుకోలేదు.

మా ఆయన చనిపోయారు.

అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, గొంతు పోయేదాకా. తర్వాత భోజనాల సందట్లో ఇంట్లోకి వచ్చాను. దక్షిణపు గదిలో మంచం లేదు, దుప్పటి లేదు. కంప్యూటర్ ఉంది. దాని ముందు కూర్చుని ఆయన వాడుకరి పేజీ తెరిచి, నా ఖాతాతో ఒక్క వాక్యం రాశాను. "ముసలిదున్న, అసలు పేరు యొహానిస్ తందిలొలొ, జూలై 24న చనిపోయారు."

భద్రపరిచాను. తాళం వేయలేదు.

నా మాటను ఆయన ఎన్నడూ నిలవనిచ్చిన మనిషి కాదు. నేనొక ముక్క రాస్తే, అన్నం కంచం ముందు నుంచి లేచి వెళ్ళి మరీ దిద్దేవారు. కాబట్టి ఆయనకు కొంచెం సమయం ఇవ్వడం న్యాయం అనుకున్నాను. బయటికి వెళ్ళి చుట్టాలకు కాఫీలు అందించాను. వచ్చి చూశాను. లేదు. మాంసం పంచడం దగ్గర నిలబడ్డాను. వచ్చి చూశాను. లేదు. వాన వచ్చి వెలిసింది. చుట్టాలు ఒక్కొక్కరే చెప్పి వెళ్తున్నారు. లిన్చె గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, ఏమీ అనకుండా తిరిగి వెళ్ళిపోయింది.

అప్పుడు నేను ఖాళీ గదిలో, పైకే అడిగాను.

"నేను రాసింది తప్పు. చూశారా? తప్పు రాశాను. తిరగ్గొట్టండి. ఇంకెప్పుడూ నిరోధించను. ఒక్కసారి తిరగ్గొట్టండి."

పేజీ మళ్ళీ తెరిచాను. నేను రాసింది అలాగే ఉంది.

తాళం వేశాను. కారణం గడిలో రాయాల్సిన మాట రాశాను.